వీధి వేగానికి కళ్ళెం వేద్దాం!
ఇళ్ళ వీధి చివర కొత్త దుకాణ సముదాయం వెలిస్తే, ఊరు అభివృద్ధి చెందుతున్నదని సంతోషిస్తాం. ఆ వీధినే అడ్డదారిగా చేసుకొన్న వాహనాల వేగాన్ని మాత్రం పట్టించుకోము.

చల్లపల్లి వాసులారా! వేగం రెట్టింపైతే ఢీకొనే శక్తి నాలుగింతలౌతుంది. కనుకనే మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే వీధుల్లో గంటకు 30 కిలోమీటర్లు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

అయితే ఎవరికి తోచినట్లు వారు పోసిన మిట్టలు పరిష్కారం కావు. అవి వెన్నెముకకు శిక్షలు, రాత్రివేళ ద్విచక్ర వాహనదారులకు ఉచ్చులు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచించినట్లు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు గల గుండ్రని స్పీడ్ బ్రేకర్లు, వాటిపై చారలు, ముందుగా హెచ్చరిక బోర్డు ఉండాలి.

దుకాణాలకు అనుమతి ఇచ్చేనాడే వీటిని పంచాయతీని అడగండి. ఒక ప్రాణం పోయేదాకా ఆగి వేసే స్పీడ్ బ్రేకరును అభివృద్ధి అనలేము.