షికాగో ప్రదర్శనలో మనలాంటి వాళ్లు



1893 షికాగో అనగానే మనకి గుర్తొచ్చేది వివేకానందుడి ప్రసంగం. స్కూల్లో అదే చెప్పారు. ఆ సర్వమత సభ ఒక పెద్ద ప్రపంచ ప్రదర్శనను పురస్కరించుకుని జరిగిందనీ, ఆ ప్రదర్శనలో ఆదివాసీలను కూడా చూపించారనీ ఎవరూ చెప్పలేదు.

కొలంబస్ అమెరికా చేరి 400 ఏళ్లయిందని ఆ సంబరం. మే నుంచి అక్టోబరు దాకా రెండు కోట్లకు పైగా టికెట్లు తెగాయి. ఫెర్రిస్ తయారుచేసిన మొదటి జెయింట్ వీల్ తిరిగింది అక్కడే. తెల్లటి పెద్ద పెద్ద భవనాలు, కరెంటు దీపాలు... అదంతా ప్రగతి అన్నారు. ప్రగతి గొప్పగా కనబడాలంటే పక్కన "వెనకబడినవాళ్లు" కూడా కనబడాలి కదా! అందుకే ఆదివాసీలను రప్పించి, వాళ్ల పద్ధతిలో ఇళ్లు వేయించి జనానికి చూపించారు. ఇంకోపక్క ప్రభుత్వం ఒక నమూనా ఇండియన్ బడి పెట్టింది. అటు పాత బతుకు, ఇటు "బాగుపడ్డ" పిల్లలు. ఆశ్రమ పాఠశాలల్లో చదివిన మనకి ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

కెనడా పడమటి తీరం నుంచి క్వాక్వకావక్వ తెగవాళ్లు వచ్చారు. కానుకలు పంచుకునే వాళ్ల పెద్ద పండగ పోట్లాచ్‌ని కెనడా ప్రభుత్వం 1885 నుంచి నిషేధించింది. ఊళ్లో చేస్తే జైలు. షికాగోలో ఆడితే చప్పట్లు! కానీ వాళ్లు బొమ్మల్లా నిలబడలేదు. ప్రభుత్వం మాన్పించాలని చూస్తున్న ఆటలనే అంతమంది ముందు ఆడారు. చూసినోళ్లు బెదిరిపోయారు, కెనడా అధికారులు తల పట్టుకున్నారు.

ఇంకొకాయన సైమన్ పొకాగన్, పొటవాటమి తెగ పెద్ద. షికాగో నేల ఒకప్పుడు వాళ్లది, 1833 ఒప్పందంతో పోయింది. ఈ సంబరం మాది కాదు అని చెప్పే చిన్న పుస్తకం ఆయన పేరుతో బిర్చ్ చెట్టు బెరడు మీద అచ్చయి ఆ ప్రదర్శన దగ్గరే అమ్ముడైంది. అక్టోబరు 9న షికాగో దినం నాడు ఆయనే ఆ వేదిక ఎక్కి మాట్లాడాడు.

"కూలి తీసుకునే కదా వచ్చారు" అని ఎవరైనా అనొచ్చు. నిజమే. ఆడటం తప్పు కాదు, డబ్బు తీసుకోవడమూ తప్పు కాదు. నా ప్రశ్న వేరే: పక్కన పెట్టిన బోర్డు మీద ఏం రాయాలో ఎవరు తేల్చారు? ఆ తర్వాత మనుషులు ఇళ్లకెళ్లిపోయారు. వాళ్ల వస్తువులు చాలావరకు షికాగోలోనే ఫీల్డ్ మ్యూజియంకి చేరాయి. బోర్డులు రాసే పని కూడా వేరేవాళ్ల చేతిలోనే ఉండిపోయింది.

పోయిన ఆగస్టు 9న ఒక సభలో మా వాళ్లతో గుస్సాడీ ఆడించారు. నెమలి ఈకల టోపీలతో అందరూ ఫోటోలు దిగారు. పోడు పట్టాల గురించి రెండు మాటలు చెప్తామంటే "టైం అయిపోయింది తమ్ముడూ" అన్నారు. అప్పుడే ఈ షికాగో కథ గుర్తొచ్చింది.

అందుకే అడుగుతున్నా. ఈసారి మనల్ని పిలిస్తే వెళ్దాం, ఆడదాం. కానీ ముందే ఒక మాట అనుకుందాం: మైకు మన చేతికి కూడా రావాలి, మన గురించి బోర్డు మనమే రాయాలి. మీరేమంటారు? కింద రాయండి.