రేగడి దాటాలని లిఫ్ట్ కిట్.. రోడ్డెక్కితే కేసు! నందికొట్కూరు ఫోర్‌బైఫోర్ మోజు వెనుక అసలు లెక్క ఇదీ..

నందికొట్కూరు: వానాకాలంలో నందికొట్కూరు దాటి ఏ పొలం దారి పట్టినా మొదట పరీక్ష పెట్టేది నల్లరేగడే. ఎండాకాలంలో చెయ్యి దూరేంత పగుళ్లిచ్చే నేల.. నాలుగు వానలు పడితే సబ్బులా జారుతుంది, బంకలా అంటుకుంటుంది. ఎద్దులబండి ఇరుసు దాకా దిగబడిన రోజులు ఇక్కడి పెద్దలకు బాగా గుర్తే. ఇప్పుడు బండ్ల స్థానంలో థార్‌లు, జిమ్నీలు, గూర్ఖాలు వచ్చాయి. కొన్నోళ్లు వాటిని కొన్నట్టే ఉంచడం లేదు. లావు టైర్లు, ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్, ముందు ఇనుప బంపర్, పైన లైట్ల బార్.. ఇలా లక్షలు పోసి మార్పులు చేయిస్తున్నారు.

ఈ మార్పుల్లో ఏది నిజంగా పనికొస్తుంది? ఏది షో? చెక్‌పోస్టు దగ్గర ఆపితే, యాక్సిడెంట్ అయితే పరిస్థితి ఏంటి? అసలు సమస్య ఇక్కడే ఉంది.

జీపు కొత్తేం కాదు..

రాయలసీమకు, జీపుకు బంధం పాతదే. మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది 1940ల చివర్లో. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఊళ్లో పెద్దరైతు ఇంటి ముందు జీపు ఉండటం ఓ హోదా. సినిమాల పుణ్యమా అని సీమ అంటే వరసగా దుమ్ము లేపే సుమోలే గుర్తొస్తాయి కానీ, ఇక్కడ ఎక్కువ జీపులు మోసింది ఎరువుల బస్తాలను, పత్తి కూలీలను, పెళ్లి జనాన్ని. మట్టి దారిలో నడవడమే వాటి పని. పాత జీపు గుల్లగా, సాదాసీదాగా ఉండేది. ఏ మెకానిక్ అయినా విప్పి బిగించేవాడు.

ఇప్పటి బండి అలా కాదు. 2020 అక్టోబర్ 2న వచ్చిన కొత్త తరం థార్‌లో ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ.. అన్నీ సెన్సార్ల మీద నడిచేవే. ఒకచోట చెయ్యి పెడితే ఇంకోచోట లెక్క తప్పుతుంది. పాత జీపుకు చేసిన ప్రయోగాలే దీనికీ చేద్దామంటే కుదరదు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. 2023 జనవరిలో మహీంద్రా వెనుక చక్రాలకు మాత్రమే పవర్ వెళ్లే థార్‌ను తెచ్చింది. ధర తక్కువ కావడంతో గిరాకీ బాగా ఉంది. చూడ్డానికి రెండూ ఒకటే. ఈ టూవీల్ డ్రైవ్ థార్‌కు 33 అంగుళాల టైర్లు, లిఫ్ట్ కిట్ వేసి రేగడిలోకి దించితే? లోపల ముందు చక్రాలకు శక్తే లేదు. బురదలో వెనుక చక్రాలు తిరిగి తిరిగి గొయ్యి తవ్వుకుంటాయి. చివరికి లాగేది పక్క చేలోని ట్రాక్టరే!

లిఫ్ట్ చేస్తే ఏం పెరుగుతుంది? ఏం పెరగదు?

లిఫ్ట్ కిట్ అంటే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మార్చి బాడీని రెండు అంగుళాలో, అంతకన్నా ఎక్కువో పైకి లేపడం. బండి ఎత్తుగా కనిపిస్తుంది కాబట్టి కింద అంతా ఎత్తు పెరిగిందనుకుంటారు. అది సగం నిజమే. థార్‌కు వెనుక ఉన్నది ఏకఇరుసు. దాని మధ్యలో గుండ్రంగా కిందికి దిగి ఉండే డిఫరెన్షియల్ డబ్బానే రాయికి ముందు తగిలేది. బాడీని ఎంత లేపినా ఆ డబ్బా అక్కడే ఉంటుంది. దాన్ని పైకి లేపేది టైరు ఒక్కటే.

అదీ ఎంత? కంపెనీ ఇచ్చే 255/65 ఆర్18 టైరు వ్యాసం లెక్కేస్తే సుమారు 789 మిల్లీమీటర్లు. 33 అంగుళాల టైరు 838 మిల్లీమీటర్లు. తేడాలో సగమే ఇరుసుకు దక్కుతుంది. అంటే 25 మిల్లీమీటర్లు, అచ్చంగా ఒక్క అంగుళం! ఈ ఒక్క అంగుళం కోసం చెల్లించే మూల్యం తక్కువేం కాదు. టైరు 6 శాతం పెద్దదైంది కాబట్టి మీటరు 80 చూపిస్తుంటే బండి నిజంగా 85లో పోతుంటుంది. గేర్ల లాగుడు ఆ మేరకు తగ్గుతుంది. బరువైన చక్రాన్ని ఆపడానికి బ్రేకులు ఎక్కువ కష్టపడాలి. పైగా ఎత్తు పెరిగితే బండి బరువు కేంద్రం పైకి పోతుంది. మలుపులో బోల్తా కొట్టే ముప్పు పెరుగుతుంది.

అయితే లిఫ్ట్ దండగ అనడానికీ లేదు. పెద్ద టైరు మడ్‌గార్డుకు రాసుకోకుండా ఉండాలంటే చోటు కావాలి. గట్టు ఎక్కేటప్పుడు మూతి తగలకుండా ఉండాలన్నా, కాలువ కట్ట మీద పొట్ట ఆనుకోకుండా ఉండాలన్నా పనికొస్తుంది. కానీ స్టాక్ థార్ నేల నుంచి 226 మిల్లీమీటర్ల ఎత్తులో, 40 డిగ్రీలు దాటిన అప్రోచ్ యాంగిల్‌తో వస్తోంది. కేసీ కెనాల్ కట్టలకు, మల్యాల వైపు పొలం దారులకు అది చాలదా అంటే.. పొడి నేలలో బ్రహ్మాండంగా చాలుతుంది.

తడి రేగడిలో మాత్రం ఎత్తు కాదు, పట్టు కావాలి. అక్కడ పని చేసేది టైరు గాళ్లు. మట్టి గాళ్లలో ఇరుక్కుపోతే ఎంత పెద్ద టైరైనా నున్నటి రోలర్ అయిపోతుంది. మడ్ టెర్రెయిన్ టైర్లకు గాళ్లు వెడల్పుగా ఉంటాయి, చక్రం జోరుగా తిరిగినప్పుడు మట్టిని విసిరేస్తాయి. అయినా నల్లరేగడి మొండిది. దానిలోని బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎంత విసిరినా కొంత అంటుకునే ఉంటుంది. ఇదే టైర్లతో వారంలో ఆరు రోజులు కర్నూలు రోడ్డు మీద తిరగాలి. తారు రోడ్డు మీద, అందులోనూ తడిసిన రోడ్డు మీద మడ్ టైరు త్వరగా ఆగదు. చప్పుడు, డీజిల్ ఖర్చు సరేసరి. సీమ రైతు అవసరానికి మధ్యస్థంగా ఉండే ఆల్ టెర్రెయిన్ టైరే లెక్క కుదిరే బేరం.

అసలు దమ్మిడీ ఖర్చు లేని మార్పు ఇంకోటుంది. అది గాలి తగ్గించడం. 32 పీఎస్‌ఐ ఉన్న గాలిని 18, 20కి తగ్గిస్తే టైరు నేల మీద పరుచుకుంటుంది. బరువు ఎక్కువ చోటికి పంచుకుని దిగబడటం తగ్గుతుంది. రోడ్డెక్కే ముందు చిన్న కంప్రెసర్‌తో మళ్లీ గాలి నింపుకోవాలి. లేదంటే టైరు వేడెక్కి పేలుతుంది. లక్షన్నర పెట్టి లిఫ్ట్ చేయించిన వాళ్లలో కూడా ప్రెషర్ గేజ్ లేని వాళ్లుంటారు, అదే విచిత్రం!

లాకర్.. చూడ్డానికి కనపడదు, కానీ పని దానిదే

మామూలు డిఫరెన్షియల్‌కు ఒక బలహీనత ఉంది. ఒక చక్రం గాల్లోకి లేచినా, బురదలో జారినా శక్తంతా ఆ పనికిరాని చక్రానికే పోతుంది. పట్టున్న చక్రం ఊరికే నిలబడి చూస్తుంటుంది. లాకర్ ఉంటే రెండు చక్రాలూ ఒకే జోరున తిరుగుతాయి. గూర్ఖాకు ముందూ వెనుకా కంపెనీయే లాకర్లు ఇస్తోంది. థార్‌ ఫోర్‌బైఫోర్‌లో పై వేరియంట్లకు వెనుక మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఉంది. జిమ్నీ బ్రేకుల సాయంతో జారే చక్రాన్ని ఆపుతుంది. కొనేటప్పుడే ఇది చూసుకుంటే తర్వాత విప్పి బిగించే పనే ఉండదు. కానీ లాకర్ బయటికి కనిపించదు కదా, రీల్స్‌లో దానికి లైకులు రావు. లైట్ల బార్‌కు వస్తాయి.

స్నార్కెల్ కథా అంతే. ఇంజిన్ పీల్చే గాలి గొట్టాన్ని పైకప్పు ఎత్తుకు తీసుకెళ్లేదే స్నార్కెల్. ఇంజిన్‌లోకి నీళ్లు పోకుండా కాపాడుతుంది, నిజమే. కానీ ఆల్టర్నేటర్‌ను, వైరింగ్‌ను, ఇరుసుల్లోని ఆయిల్‌ను అది కాపాడదు. థార్ నీటి లోతు పరిమితి 650 మిల్లీమీటర్లు, గూర్ఖాది 700. ఇవి నిలువ నీటి లెక్కలు. పారే వంకకు ఈ లెక్క చెల్లదు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును కదిలించగలదు, రెండడుగులైతే చాలా బండ్లను కొట్టుకుపోతుంది. 2009 అక్టోబర్‌లో కర్నూలు మునిగినప్పుడు నీటి జోరు ఏంటో ఈ ప్రాంతం కళ్లారా చూసింది. స్నార్కెల్ ఉంది కదా అని పొంగే కాజ్‌వే మీదకు దిగితే బండి ఇంజిన్ ఆగదు, బండే ఉండదు.

దిగబడ్డ బండిని తాడుతో లాగేటప్పుడు జరిగే ప్రమాదాలు ఇంకో ఎత్తు. బంపర్‌కు తాడు కట్టి ట్రాక్టర్‌తో ఒక్క గుంజు గుంజితే బంపరే ఊడి ఎగిరొస్తుంది. ఛాసిస్‌కు బిగించిన రికవరీ హుక్, దానికి తగ్గ షాకిల్ ఉండాలి. తాడు మధ్యలో తడి గోనెసంచి వేస్తే తెగినా దెబ్బ జోరు తగ్గుతుంది. చుట్టూ చేరే పిల్లలను తాడు పొడవు కన్నా దూరం పంపాలి. విన్చ్ పెట్టుకునేవాళ్లు బండి బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు లాగేది తీసుకోవాలన్నది ప్రాథమిక లెక్క. రేగడి పీల్చి పట్టుకుంటుంది కాబట్టి ఇక్కడ అంతకన్నా ఎక్కువే మేలు.

ఇంతకీ చట్టం ఏమంటోంది?

ఇక్కడే చాలామందికి షాక్. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న కేరళ కేసులో జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ సరన్ ధర్మాసనం ఇదే తేల్చి చెప్పింది. రాష్ట్ర నిబంధనల్లో వెసులుబాటు ఉన్నా కేంద్ర చట్టమే పైది అని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో 182ఏ సెక్షన్ మారింది. అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించాలి. ఒకే బండికి నాలుగు మార్పులుంటే 20,000.

ముందు ఇనుప బంపర్ సంగతి ఇంకా సూటిగా ఉంది. బుల్‌బార్లు, క్రాష్ గార్డులపై చర్యలు తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు లేఖ రాసింది. కారణం చిన్నదేం కాదు. గుద్దుకున్నప్పుడు బండి ముందు భాగం నలిగి దెబ్బను మింగాలి, ఆ నలుగుడును సెన్సార్లు పసిగట్టి ఎయిర్‌బ్యాగ్ తెరవాలి. మధ్యలో ఇనుప కడ్డీ వస్తే ఆ లెక్కంతా తప్పుతుంది. బండికి అడ్డొచ్చిన మనిషికి ఆ కడ్డీ ఎలా తగులుతుందో చెప్పక్కర్లేదు.

మరి టైర్లు, లిఫ్ట్? ఇక్కడ గందరగోళం ఉంది. ప్రైవేటు బండి ఆర్సీ కార్డు మీద రంగు, సీట్లు, ఇంజిన్, ఇంధనం లాంటివి ఉంటాయి, టైరు సైజు సాధారణంగా కనిపించదు. దాంతో ఒక చోట వదిలేస్తారు, ఇంకోచోట ఆపుతారు. తనిఖీ చేసే అధికారి ఎలా చూస్తే అలా. గూర్ఖాకు కంపెనీయే స్నార్కెల్ బిగించి ఇస్తే అది అనుమతి పొందిన బండి. అదే గొట్టం షెడ్డులో థార్‌కు బిగిస్తే ప్రశ్న మొదలవుతుంది. వస్తువు ఒకటే, చట్టం కంట్లో మాత్రం రెండు రకాలు.

జర్మనీలో మార్పు చేసిన బండిని టీయూవీ లాంటి సంస్థ పరీక్షించి పత్రాల్లో రాయిస్తుంది. ఆస్ట్రేలియాలో ఇంత ఎత్తు వరకు ఫర్వాలేదు, అంతకు మించితే ఇంజినీరు సర్టిఫికెట్ తేవాలి అని కొలతలు పెట్టారు. మన దగ్గరా దారి లేకపోలేదు. 2019 సవరణలోనే మార్పులకు ప్రమాణాలు, అనుమతి షరతులు నిర్ణయించే అధికారం కేంద్రానికి ఇచ్చారు. అలా అనుమతించిన మార్పు చేస్తే కంపెనీ వారంటీ కూడా పోదని అందులోనే రాశారు. సీఎన్‌జీ కిట్‌కు ఇలాంటి పద్ధతి ఉంది. ఇంధనం మార్చడానికి దారి చూపినప్పుడు, బురదలో తిరిగే రైతు బండికి ఒక అంగుళం పెద్ద టైరుకు కొలత చెప్పడం అసాధ్యమేం కాదు. కొలత లేనంత కాలం నష్టం రెండు వైపులా ఉంటుంది. బాగా చేసిన మార్పూ, ప్రాణం తీసే మార్పూ ఒకే గాటన పడుతున్నాయి.

జరిమానా కన్నా పెద్ద దెబ్బ ఇన్సూరెన్స్‌లో ఉంది. చెప్పకుండా చేసిన మార్పులు సర్వేయర్ కంట పడితే సొంత బండి నష్టం క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదం ఉంది. 15 లక్షల బండి లోన్ మీద ఉంటే, బండి తుక్కయినా ఈఎంఐ ఆగదు. షెడ్డుకు వెళ్లే ముందు బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి, జవాబు కూడా రాతలోనే తీసుకోవడం ఒక్కటే కాస్త రక్షణ.

అడవి వైపు అసలు వద్దు

ఆత్మకూరు దాటితే నల్లమల. అది నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ ప్రాంతం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళ్లడమే నేరం. ఘాట్ రోడ్డు మీద రాత్రి రాకపోకలకే ఆంక్షలున్నప్పుడు, మట్టి బాట పట్టి వీడియో తీయడం అంటే సాక్ష్యం చేతికి ఇచ్చినట్టే.

సంగమేశ్వరం దగ్గర ఇంకో ఆకర్షణ ఉంది. శ్రీశైలం వెనుక జలాలు తగ్గితే గుడి బయటపడుతుంది, దానితో పాటు మైళ్ల కొద్దీ చదును నేల కూడా. పైన ఎండి పెళుసుగా, బండి నడపడానికే చేసినట్టు కనిపిస్తుంది. కింద మాత్రం ఒండ్రు ఇంకా పచ్చిగా ఉంటుంది. పై పొర విరిగిందంటే బండి పొట్ట దాకా కూర్చుంటుంది, లాకర్లున్నా తిరిగేది బురదలోనే. ఒంటరిగా ఒక్క బండితో వెళ్లినవాళ్లకు అక్కడ తాడు కట్టడానికి చెట్టు కూడా దొరకదు. గోవాలో జరిగే రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ లాంటి పోటీలకు పూర్తిగా మార్చిన బండ్లను చాలామంది లారీల మీద ఎక్కించి తీసుకెళ్తారు, దింపేది ట్రాక్ దగ్గరే. బృందం లేకుండా, రెండో బండి లేకుండా అక్కడ ఎవరూ బురదలో దిగరు.