చట్టం చెరిపేసినా చెరగని ముద్ర

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పేరు వినగానే తెలుగువారికి గుర్తుకు వచ్చేది, బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి అక్కడ స్థిరపడిన మన కార్మిక కుటుంబాలు. ఆదివాసీ హక్కుల చరిత్రలోనూ ఆ రైల్వే పట్టణానికి ఒక విషాద స్థానం ఉంది. 1992 ఆగస్టు 16న 27 ఏళ్ల చుని కోటాల్ అక్కడే ఆత్మహత్య చేసుకున్నారు. లోధా శబర తెగ నుంచి పట్టభద్రురాలైన తొలి మహిళ ఆమె.

మేదినీపూర్ ప్రాంతంలోని నిరుపేద కుటుంబంలో పుట్టిన చుని, 1985లో మానవశాస్త్రంలో డిగ్రీ పూర్తి చేశారు. బాలికల వసతిగృహ పర్యవేక్షకురాలిగా పనిచేస్తూనే విద్యాసాగర్ విశ్వవిద్యాలయంలో స్నాతకోత్తర విద్యకు చేరారు. నేరస్థుల తెగకు చెందిన మనిషికి ఉన్నత చదువు ఎందుకనే ధోరణిలో తనను అవమానిస్తున్నారని, వివక్ష వల్ల చదువు ముందుకు సాగడం లేదని ఆమె ఫిర్యాదు చేశారు. 1991లో ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది. అయినా ఆమె బతికుండగా న్యాయం దక్కలేదు. ఆమె మరణంపై రచయిత్రి మహాశ్వేతాదేవి గళమెత్తడంతో ఆ ఉదంతం దేశం దృష్టికి వచ్చింది.

ఆ అవమానానికి మూలం 1871 నాటి నేరస్థ తెగల చట్టం. వ్యక్తి చేసిన నేరంతో దానికి నిమిత్తం లేదు. జాబితాకెక్కిన తెగలో పుట్టడమే అనుమానానికి చాలు. పోలీసుల వద్ద పేరు నమోదు, హాజరు, రాకపోకలపై ఆంక్షలు వంటి నిర్బంధాలు ఆ తెగలపై అమలయ్యాయి. రాజ్యాంగసభ సభ్యుడు, తిరుచానూరుకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన 1949లో ఏర్పాటైన సంఘం దాని రద్దుకు సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. అది జరిగి 40 ఏళ్లు నిండడానికి సరిగ్గా పదిహేను రోజుల ముందు చుని ప్రాణం విడిచారు.

తెలుగు నేలకు ఈ చరిత్ర కొత్త కాదు. బాపట్ల సమీపంలోని స్టువర్టుపురం, ఎరుకల కుటుంబాల కోసం బ్రిటిష్ ప్రభుత్వం ఏర్పాటు చేసిన నిర్బంధ నివాసమే. చట్టం పోయాక కూడా ఆ ఊరి పేరు దొంగతనానికి పర్యాయపదంగా దశాబ్దాలపాటు చలామణి అయింది. పైగా పాత చట్టం స్థానంలో రాష్ట్రాలు అలవాటు నేరస్థుల చట్టాలు తెచ్చుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ చట్టం 1962 నాటిది. కాగితంపై ఇవి తెగకు కాక వ్యక్తికి వర్తిస్తాయి. కానీ అనుమానించే చూపు పాతదే.

అది అపోహ కాదనడానికి 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పే సాక్ష్యం. పాత్రికేయురాలు సుకన్యా శాంత పిటిషన్‌పై, పశ్చిమ బెంగాల్, ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాల జైలు నిబంధనలను ధర్మాసనం పరిశీలించింది. సంచార తెగలవారికి పారిపోయే సహజ స్వభావం ఉంటుందని భావించే నిబంధన పశ్చిమ బెంగాల్ జైలు స్మృతిలో అప్పటికీ ఉంది. ఇటువంటి నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని న్యాయస్థానం తేల్చింది. జైలు రిజిస్టర్లలో కులం గడిని తొలగించాలని, మూడు నెలల్లో నిబంధనలు సవరించాలని ఆదేశించింది.

చట్టం రద్దు ఒక్కరోజు పని. ఆ చట్టం నేర్పిన అలవాటును ఠాణాలో, కార్యాలయంలో, తరగతి గదిలో మాన్పించే బాధ్యతను మాత్రం 1952లో ఎవరికీ అప్పగించలేదు. అందుకే 72 ఏళ్ల తర్వాత జైలు నిబంధనల్లో ఆ భాష మళ్లీ బయటపడింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1990 జనవరిలోనే అమల్లోకి వచ్చింది. అయినా చునిని ఆదుకోలేకపోయింది. ఉన్నత విద్యాసంస్థల్లో వివక్ష నివారణకు యూజీసీ ప్రత్యేక నిబంధనలు తెచ్చింది 2012లో, అంటే ఆమె మరణించిన 20 ఏళ్లకు.

విముక్త తెగలు ఏటా ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటాయి. ఫిర్యాదు చేసిన విద్యార్థికి చదువు సాగుతుండగానే సమాధానం అందాలి. ఆ రోజు వచ్చేదాకా వారి విముక్తి అసంపూర్ణమే.