అసంపూర్ణ చిత్రం ముందు ఎవరు నిలబడాలి?

చిత్రం పూర్తికాకముందు పరుల కంట పడరాదనే నమ్మకం మన చిత్రకారులలో ప్రబలంగా ఉంది. చూసినవాడి మాట కుంచెకు అడ్డుపడుతుందని, ఊహ పలచబడుతుందని వారి భయం. అధికార యంత్రాంగం ఈ నమ్మకాన్నే మరొక రూపంలో పాటిస్తుంది. టెండరు పిలిచి, నమూనాను కార్యాలయంలో ఆమోదించి, గోడమీది రంగులు ఆరిన తరువాత ప్రారంభోత్సవానికి ప్రజలను ఆహ్వానిస్తుంది. అలా వచ్చినవారికి చప్పట్లు కొట్టడం తప్ప మరొక పని మిగలదు. చిత్రకారుని మౌనానికీ కార్యాలయపు ఫైలుకూ కుదిరిన ఈ పొత్తును సంప్రదాయం పేరిట సమర్థించేవారున్నారు. సంప్రదాయం వారి పక్షాన లేదు.

కాళిదాసు శాకుంతలం ఆరవ అంకాన్ని తెరచి చూస్తే చాలు. దుష్యంతుడు తాను గీసిన శకుంతల చిత్రాన్ని తెప్పించుకుంటాడు. అది సగమే అయింది. అయినా దానిని విదూషకుని ముందు ఉంచడానికి సంకోచించడు; కుంచెలు తెమ్మని చతురికను పంపుతాడు. ఇందులో ఇంకా గీయవలసినది ఏమున్నదని విదూషకుడు అడుగుతాడు. ఆ ప్రశ్నకు సమాధానంగానే మిగిలిన చిత్రమంతా రాజు నోట వెలువడుతుంది: ఇసుకతిన్నెలపై హంసల జంటలతో మాలినీ నది, హిమాలయ పాదాల చెంత లేళ్లు, కొమ్మలకు నారచీరలు వేలాడే చెట్టు, దాని నీడలో కృష్ణసారపు కొమ్ముకు ఎడమ కన్ను రుద్దుకొనే ఆడులేడి. పలకనంతా గడ్డాల మునులతో నింపితే సరిపోతుందని విదూషకుడు లోలోపల అనుకుంటాడు. అతని అభిరుచి అంతమాత్రమే. కానీ ఆ అభిరుచి పలకమీదికి ఎక్కలేదు, అతని ప్రశ్న ఎక్కింది. చూపరి అభిప్రాయం మూర్ఖమైనదైనా అతని ప్రశ్న చిత్రకారునికి పనికివస్తుందనడానికి ఇంతకు మించిన దృష్టాంతం అక్కరలేదు.

విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ఆచార్యులు రేఖను, విచక్షణులు వర్తనను, స్త్రీలు భూషణాలను, ఇతరులు వర్ణసంపదను మెచ్చుతారని చెప్పింది. (స్త్రీలను నగలకు పరిమితం చేసిన తీరు నేటివారికి మింగుడుపడదు, పడనక్కరలేదు కూడా.) దీనిని రసజ్ఞతలోని అంతస్తులుగా చెప్పుకోవడం పరిపాటి. మరొక విధంగానూ చదవవచ్చు. చిత్రం గోడమీద పెరిగే క్రమంలో రేఖ ముందు, రంగుల నిండుదనం చివర. ఏ దశలో ఎవరి కన్ను పనికివస్తుందో చెప్పే సూచిక ఇందులో ఉంది. అందరినీ చివరి దశకే పిలిచే నేటి పద్ధతికి ఈ శ్లోకంలో ఆధారం దొరకదు.

గ్రీకు చిత్రకారుడు అపెలెస్ గురించి ప్లినీ చెప్పిన కథ కూడా వక్తృత్వ వేదికలపై తరచు వినిపిస్తుంది. తన చిత్రాన్ని బాటసారులకు కనబడేలా ఉంచి అతడు వెనుక దాగి వినేవాడు. చెప్పులు కుట్టేవాడొకడు బొమ్మలోని పాదరక్షకు లోపం పట్టాడు. మరునాటికి అది సవరింపబడింది. ఆ ధైర్యంతో అతడు కాలికి కూడా వంక పెట్టగా, చెప్పును దాటి పైకి రావద్దని చిత్రకారుడు మందలించాడు. ఈ మందలింపును మాత్రమే ఉదాహరించి సామాన్యుని నోరు మూయించేవారు, పాదరక్షను అపెలెస్ దిద్దుకున్నాడన్న సంగతిని మరచిపోతారు. మరచిపోవడం వారికి సుఖం.

దేశంలో ఈ చర్చకు అత్యంత సన్నిహితమైన స్థలం సూరత్ ప్రాంతం. 1938 ఫిబ్రవరిలో సూరత్ జిల్లా హరిపురాలో సుభాష్ చంద్ర బోస్ అధ్యక్షతన కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు, గాంధీజీ కోరికపై నందలాల్ బోస్ అక్కడి పందిళ్లకు చిత్రఫలకాలు సిద్ధం చేశారు. ఆయన స్వయంగా రచించినవి ఎనభైకి పైగా ఉన్నాయి. దూదేకేవాడు, కుమ్మరి, వడ్రంగి, డోలు వాయించేవాడు, బిడ్డను ఎత్తుకున్న తల్లి, ఇవీ ఆ ఫలకాలలోని ఇతివృత్తాలు. వాటికోసం ఆయన పల్లె జీవనాన్ని దగ్గరగా పరిశీలించారు. గట్టి గీత, పలచని రంగులు, నున్నదనం పట్ల నిర్లక్ష్యం. మెరుగులు దిద్దిన తైలవర్ణ చిత్రాలకు అలవాటుపడిన కంటికి వాటిలో సగం అసంపూర్ణంగానే తోచవచ్చు. చిత్రంలోని మనుషులూ దానిని చూసే మనుషులూ ఒకే దారిన నడిచి వచ్చినవారు కావడం హరిపురా విశేషం. వడ్రంగి చేతిలోని పనిముట్టు తప్పుగా ఉంటే చెప్పగల వడ్రంగి ఆ జనంలోనే ఉంటాడు.

అదే సూరత్‌లో నేడు పరిస్థితి ఏమిటి? కృత్రిమ దారపు చీరల నగరం అది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ పరిసరాలలో తరాలుగా స్థిరపడి ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు సైతం నడుపుతున్నది. చీర డిజైను కాగితం మీద ఉండగానే వ్యాపారికి చూపుతారు. అంచు తగ్గించమని, పువ్వు పెంచమని అతడు చెబుతాడు, అది మారుతుంది. అసంపూర్ణ చిత్రానికి అభిప్రాయం అడగడం ఆ నగరానికి తెలియని విద్య కాదు. పెట్టుబడి ఉన్నవానిని అడుగుతారు, మగ్గం దగ్గర నిలబడేవానిని అడగరు. అంతే తేడా.

ఈ పద్మశాలీల పూర్వాచారం దీనికి భిన్నం. మార్కండేయుని, భావనారుషిని కీర్తించే కులపురాణాన్ని చెప్పే కూనపులివారు చేర్యాల నకాషీల చేత పటం వేయించుకునేవారు. పటాన్ని విప్పి కథ చెప్పవలసినవాడే దానిని వేయించుకునేవాడు. వినేవారు ఆ కథలోని మూలపురుషుల వంశీయులమని చెప్పుకునేవారు. అటువంటి సభలో తప్పు దాగదు.

లింబాయత్ గోడమీద నేతకారుని చిత్రించదలచిన చిత్రకారుడు పాత క్యాలెండర్ల అలవాటుకొద్దీ గుంటమగ్గంలో కూర్చుని చేత్తో నాడె విసిరే వృద్ధుని గీస్తాడనుకుందాం. ఆ వీధిలోని నేతకారుడు పవర్‌లూమ్ ముందు నిలబడి, హోరులో, ఒకటికి మించిన మగ్గాలను కనిపెట్టుకుంటూ పనిచేస్తాడు. అనేక మిల్లులలో నాడె లేని రేపియర్, వాటర్‌జెట్ మగ్గాలే వచ్చాయి. ఈ పొరపాటు బొగ్గు గీత దశలో బయటపడితే తడిగుడ్డతో తుడిచివేయవచ్చు. ఎనామిల్ ఆరిన తరువాత బయటపడితే ఆ వీధివారు తమది కాని బొమ్మను ఏళ్ల తరబడి చూస్తూ బ్రతకాలి.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. అందరి మాటా వింటే చిత్రం ముక్కలవుతుందని ఆక్షేపించేవారికి ఒకటే సమాధానం. బాగుందా అని అడిగితే తప్పక ముక్కలవుతుంది. ఆ ప్రశ్నకు మర్యాదకొద్దీ వచ్చే సమాధానం అబద్ధం, అసూయకొద్దీ వచ్చే సమాధానం అంతకంటే అబద్ధం. ఇందులో మీకు తెలిసిన పని ఏది తప్పుగా ఉందని అడగాలి. రంగు, కూర్పు, భావం చిత్రకారుని సొంతం; వాటిని ఓటింగుకు పెట్టనక్కరలేదు. విన్న ప్రతి మాటనూ పాటించవలసిన పనీ లేదు.

సాంస్కృతిక శాఖల ఒప్పంద పత్రాలలో ఇందుకు ఒక్క షరతు చాలు. రేఖాచిత్రం గోడమీదికి వచ్చిన తరువాత రంగు మొదలుపెట్టేలోగా పదిహేను రోజుల వ్యవధి ఉండాలి. ఆ రోజులలో సాయంత్రపు షిఫ్టు విడిచే వేళ చిత్రకారుడు గోడ దగ్గర ఉండాలి. బిల్లులో ఆ పదిహేను రోజుల కూలి కూడా చేర్చాలి.