కాలు పోతేనే పింఛనా? ఎముక క్యాన్సర్ రోగికి దారేది

నెల్లూరు: ఎముక క్యాన్సర్ వచ్చిన వారికి వికలాంగుల పింఛను వస్తుందా, రాదా? కావలి మొదలు ముత్తుకూరు వరకు తీర గ్రామాల్లో ఈ జబ్బు చొరబడిన ఇంటికి ముందుగా తోచే ప్రశ్న ఇది. ఒక్క మాటలో జవాబు చెప్పాలంటే, జబ్బుకు రాదు. జబ్బు మిగిల్చిన అవిటితనానికి వస్తుంది. ఈ తేడా తెలియక పేదలు ఆసుపత్రి కాగితాల సంచి పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు.

చట్టంలో ఏమున్నది?

1995 నాటి వికలాంగుల చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తించింది. 2016లో పార్లమెంటు ఆమోదించి, 2017 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. తలసేమియా, హిమోఫీలియా, సికిల్ సెల్ వంటి రక్త సంబంధమైన జబ్బులకు కూడా అందులో చోటు దక్కింది. క్యాన్సర్‌కు మాత్రం దక్కలేదు. కనుక ఎముక క్యాన్సర్ రోగి చలన వైకల్యం అనే వాకిలి గుండానే లోపలికి రావాలి. ఆ వైకల్యం 40 శాతానికి తగ్గకూడదు.

కాలు తీసివేసిన వారికి ఇందులో చిక్కు లేదు. మోకాలికి దిగువన తీసినా సాధారణంగా 60 శాతం, ఎగువన తీస్తే 80 శాతం, ఆ పైన లెక్క కడతారు. చిక్కంతా కాలు నిలిచిన వారికే. ఈ రోజుల్లో చెడిన ఎముకను తీసి, లోహపు కీలు అమర్చి కాలిని కాపాడుతున్నారు. అటువంటప్పుడు కీలు ఎంత వంగుతున్నది, కండరంలో బలమెంత, కాలు ఎంత పొట్టి అయింది, మనిషి నిలకడగా నిలబడగలడా అని డాక్టర్లు కొలుస్తారు. 40 దాటితే సరి. 38 వస్తే పింఛను లేదు. ఆ కాలితో పడవ ఎక్కలేకపోయినా, రొయ్యల గుంట గట్టు మీద నడవలేకపోయినా లెక్క మారదు.

అసలు కష్టం చికిత్స కాలంలోనే

రాష్ట్రంలో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పక్షవాతంతోనో, ప్రమాదం వల్లనో మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైన వారికి 15,000. మూత్రపిండాల జబ్బు వంటి కొన్నింటికి 10,000. క్యాన్సర్ ఈ జాబితాలో లేదు.

ఎముకలోనే పుట్టే క్యాన్సర్లలో ముఖ్యమైనది ఎక్కువగా పదేళ్ళు దాటిన పిల్లలకు, ఇరవై లోపు కుర్రవారికి వస్తుంది. మోకాలి దగ్గరే ఎక్కువ. ఆపరేషనుకు ముందు కొన్ని నెలలు, తర్వాత కొన్ని నెలలు మందులు ఎక్కించాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్‌టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం క్యాన్సర్ చికిత్స ఖర్చు భరిస్తుంది. కాని మైపాడు నుంచి తిరుపతికో, మద్రాసు అడయారుకో బిడ్డను తీసుకుపోయే తండ్రి ఆ రోజుల్లో వేటకు పోలేడు. తల్లి కూలికి పోలేదు. చేయి ఆడని ఆ నెలల్లోనే పింఛను లేదు. కాలు పోయాక వస్తుంది.

ఇది మార్చరానిదేమీ కాదు. హర్యానా ప్రభుత్వం 3, 4 దశల్లో ఉన్న పేద క్యాన్సర్ రోగులకు నెలవారీ పింఛను ఇస్తున్నది. అమెరికాలో ఆపరేషనుకు లొంగని, లేక దూరానికి పాకిన ఎముక క్యాన్సర్ ఉంటే వైకల్య భృతి దరఖాస్తును త్వరగా తేల్చే పద్ధతి 2008 నుంచి ఉన్నది. మూత్రపిండాల రోగులను గుర్తించిన మన ప్రభుత్వం, చికిత్సలో ఉన్న క్యాన్సర్ రోగిని గుర్తించలేదా?

ఇప్పటికి చేయదగినవి

గ్రామ సచివాలయంలో గాని, మీసేవలో గాని సదరం పరీక్షకు పేరు నమోదు చేయించుకోవాలి. ఆపరేషను కాగితం, డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు, ఎక్స్‌రేలు వెంట ఉండాలి. క్యాన్సర్ ఉన్నదని చెప్పి ఊరుకోక, ఏ కీలు వంగడం లేదో, ఎంత దూరం నడవలేరో డాక్టరుకు చూపాలి. క్యాన్సర్ వెన్నెముకకు పాకి కాళ్ళు పడిపోయి ఉంటే ఆ సంగతి ప్రత్యేకంగా రాయించుకోవాలి.

పరిస్థితి మారే అవకాశం ఉంటే గడువుతో కూడిన తాత్కాలిక సర్టిఫికెట్ ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుతాయి. దాన్ని అడగవచ్చు. గడువు తీరకముందే తిరిగి పరీక్షకు పోవాలి. 2025లో రాష్ట్రమంతటా పునఃపరీక్షలు జరిపి, 40 శాతం లోపు అని తేలిన వారికి నోటీసులిచ్చిన సంగతి తెలిసిందే. శాతం తగ్గించారనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కును చట్టమే ఇచ్చింది.

సర్టిఫికెట్ లేకున్నా దొరికే సాయం ఒకటి ఉంది. చికిత్సకు రైలులో వెళ్ళే క్యాన్సర్ రోగికి స్లీపర్ తరగతిలో ఛార్జీ పూర్తిగా మాఫీ. తోడు వెళ్ళే ఒకరికి నాలుగింట మూడు వంతులు తగ్గింపు. ఇందుకు వైద్యం చేసే ఆసుపత్రి డాక్టరు సంతకం చేసిన ఫారం చాలు.

చివరగా తల్లిదండ్రులకు ఒక మాట. కిందపడని బిడ్డకు మోకాలి దగ్గర వాపు వచ్చి, రాత్రిళ్ళు నొప్పితో నిద్ర లేకుంటే, తైలం మర్దనాకు, పుత్తూరు కట్టుకు పోకముందే ఒక ఎక్స్‌రే తీయించండి. వేళకు తెలిస్తే ప్రాణంతో పాటు కాలు కూడా దక్కవచ్చు. ఏ పింఛనూ ఆ కాలికి సాటి రాదు.