పాత టిల్లరుకు కొత్త ఊపిరి

ఉద్దానం అన్న మాటలోనే ఉద్యానవనం ఉంది. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస చెట్లే. వాటి నీడనే ఊళ్లు. ఇంత పచ్చటి తోటల్లోకి యాభై హార్స్‌పవర్‌ ట్రాక్టరును తోలితే కొమ్మలు అడ్డం, మలుపు తిప్పబోతే మొక్కలు అడ్డం. నేలకు వంగిన జీడికొమ్మల కింద దూరి దున్నాలంటే చిన్న బండే కావాలి. ఎడ్లు లేని ఇంట్లో ఆ పని చేసిపెట్టేది పవర్‌ టిల్లరు, కాదంటే మినీ ట్రాక్టరు. కొత్తది కొనాలంటే లక్షల్లో మాట. అందుకే చూపు ఎవరి పాకలోనో మూలనపడ్డ పాతబండి మీదకు పోతుంది.

'పాత ఇనుము కొట్టుకి ఎయ్యాల్సిందాన్ని ఇంటికి తెచ్చినారేటి?' అని ఇంట్లో అడగనే అడుగుతారు. దానికి జవాబు కొనకముందే సిద్ధంగా ఉండాలి.

అక్కడ సరదా... ఇక్కడ అవసరం

అమెరికాలో పాత గార్డెన్‌ ట్రాక్టర్లను బాగుచేయడం చాలామందికి సరదా. 1961లో వచ్చిన కబ్‌ క్యాడెట్‌నో, 1963 నాటి జాన్‌ డీర్‌ 110నో వెతికి పట్టుకుని, రంగులేసి మురిసిపోతారు. మన దేశంలో ట్రాక్టర్ల తయారీ 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్‌తో మొదలైంది. చేత్తో పట్టుకుని నడిపే టిల్లర్లు జపాన్‌ పరిజ్ఞానంతో వచ్చాయి. మిత్సుబిషితో చేతులు కలిపి బెంగళూరులో వీఎస్‌టీ 1967లో పుట్టింది. కేరళ ప్రభుత్వ సంస్థ కామ్‌కో 1973లో మొదలై, కుబోటా సాయంతో టిల్లర్లు తయారుచేసింది. ఈ బండ్లు అలంకారానికి కావు, అన్నానికి.

ఉద్దానంలో ఆ అవసరం ఇంకాస్త ఎక్కువే. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తాతలనాటి కొబ్బరిచెట్లు, కాపుమీదున్న జీడితోటలు ఒక్క పూటలో నేలకొరిగాయి. మళ్లీ నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే అయిదారేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. జీడికైనా మూడు నాలుగేళ్లు ఆగాల్సిందే. ఆ నడుమ ఏళ్లలో ఇల్లు గడవాలంటే వరసల మధ్య ఖాళీలో అంతరపంట వేయాలి. దున్నకం ఖర్చు తగ్గితేనే అందులో నాలుగు రూపాయలు మిగిలేది.

కొనేముందు...

బేరానికి వెళ్లేసరికి ఇంజను వేడిగా ఉంటే మురిసిపోకూడదు. చల్లబడేదాకా ఆగి, మళ్లీ స్టార్ట్‌ చేయమనాలి. అసలు రంగు అప్పుడు బయటపడుతుంది. నల్లపొగ వస్తే గాలి చాలడం లేదనో, నాజిల్‌ సరిగా కొట్టడం లేదనో అర్థం. ఇది చిన్న ఖర్చుతో పోయేదే. నీలంపొగ వస్తే ఇంజనాయిల్‌ మండుతున్నట్టు. రింగులు, లైనరు, పిస్టన్‌ దాకా వెళ్లాల్సిరావచ్చు. తెల్లపొగ ఆగకుండా వస్తుంటే డీజిల్‌ సరిగా మండకపోవడమో, నీళ్లు లోపలికి చేరడమో అయివుండాలి. డిప్‌స్టిక్‌ తీస్తే ఆయిల్‌ పాలు కలిపిన టీలా కనిపించిందా? ఆయిల్‌లో నీళ్లు కలిశాయన్నమాట. ఆ బండికి దండం పెట్టి రావడమే మేలు.

సముద్రం పక్క బండిలో ఇంకో శత్రువు ఉప్పుగాలి. రేడియేటరు, డీజిల్‌ ట్యాంకు అడుగు, ట్రాలీ రేకు... సుత్తితో మెల్లగా కొట్టి చూడాలి. ఇసుకనేల బ్లేళ్లను ఇట్టే అరగదీస్తుంది. రోటరీ సీళ్లలోంచి ఆయిల్‌ కారుతుంటే లోపల బేరింగుల్లోకి ఇసుక చేరిందేమోనని అనుమానించాలి.

అన్నిటికన్నా ముందు మోడల్‌ నంబరు రాసుకుని పలాస-కాశీబుగ్గలోనో, టెక్కలిలోనో విడిభాగాల షాపులో అడిగి రావాలి. సామాను దొరకని బండి చవగ్గా వచ్చినా ఖరీదే. పింజోర్‌లోని హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగం మూసివేతకు 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది. అలాంటి బండ్లకైతే ఈ వాకబు మరీ అవసరం.

ట్రాక్టరైతే కాగితాలూ చూడాలి. ఆర్‌సీ గడువు పదిహేనేళ్లు. అది దాటితే రెన్యువల్‌ ఉండాలి. పేరు మార్పుకు 29, 30 ఫారాలు. అప్పు మీద కొన్న బండైతే బ్యాంకు ఇచ్చే 35వ ఫారం. ఇచ్ఛాపురం దాటి బరంపురం వైపు కొంటే ఒడిశా రవాణాశాఖ నుంచి ఎన్‌వోసీ. అవతలివాడి బాకీ మన వాకిట్లోకి రాకూడదు కదా!

ఊపిరి పోయాలంటే...

ఏళ్లతరబడి ఆగిన ఇంజనును తెచ్చినరోజే తిప్పేయాలన్న ఆత్రం వద్దు. పాత డీజిల్‌ పారబోసి, ట్యాంకు కడిగి, ఫిల్టరు మార్చాలి. ఇంజనాయిల్‌, గేరుబాక్సు ఆయిల్‌ కొత్తవి పోయాలి. గేరు ఆయిల్‌లో ఇనుప రజను మెరుస్తోందేమో చూడాలి. ఎయిర్‌క్లీనరు కడగాలి. డీజిల్‌ పైపుల్లో చేరిన గాలి తీసేయాలి. తర్వాత డీకంప్రెషన్‌ లీవరు ఎత్తి, హ్యాండిల్‌తో మెల్లగా తిప్పిచూడాలి. బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయకుండా మెకానిక్‌ను పిలవాలి.

హ్యాండిల్‌ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉండాలి. చుట్టి పట్టుకుంటే, ఇంజను వెనక్కి తన్నినప్పుడు మణికట్టు విరుగుతుంది. బెల్టుల మీద రేకు మూత లేని బండిని తోటలోకి దించకూడదు. రోటరీ తిరుగుతుండగా రివర్సు గేరు వేయడం ప్రాణాలతో చెలగాటమే. చీరకొంగు, లుంగీ అంచు, పిల్లలు... మూడూ దూరంగా ఉండాలి.

తోటలోకి దిగాక కొబ్బరి మొదలుకు రెండు మీటర్ల దూరం వదలాలి. ఆహారం తీసుకునే వేళ్లు చాలావరకూ అక్కడే ఉంటాయి. లోతు దుక్కి వాటిని తెంపేస్తుంది.

లెక్క తేలేదెప్పుడు?

కొన్న ధర, బాగుకు పెట్టిన ఖర్చు, పేరుమార్పు... మూడూ కూడి, కొత్తబండి ధరలో సగానికి చేరితే ఆగి ఆలోచించుకోవాలి. ఏడాదికి ఎన్నిరోజులు దున్నుతారో, అన్నిరోజులకు అద్దె ఎంతయ్యేదో పక్కపక్కన రాసుకోవాలి. ఎకరం, రెండెకరాల తోటైతే ఇరుగుపొరుగు రెండు ఇళ్లవాళ్లు కలిసి కొనడమే నయం. డీజిల్‌ ఎవరిది, రిపేరు ఎవరిది అన్నది మాత్రం మొదటిరోజే కాగితం మీద రాసుకుంటే, బండితో పాటు స్నేహమూ నాలుగుకాలాలు నడుస్తుంది.