పత్రములో లేని మాట

1934వ సంవత్సరము మే నెల కడపటి మూడు దినములలో జర్మనీదేశపు బార్మెన్ పట్టణమున, గెమార్కె దేవాలయమున, 139 మంది ప్రతినిధులు సమావేశమై ఆరు సూత్రములు గల యొక విశ్వాస ప్రకటనను ఆమోదించిరి. ప్రభురాత్రి భోజన విషయముననే నాలుగు శతాబ్దులుగా ఏకాభిప్రాయము కుదరని లూథర్ మార్గమువారును, కాల్విన్ మార్గమువారును, ఉభయులు కలిసిన ఐక్యసంఘమువారును ఒక్క పత్రముపై ఒక్కమాటగా నిలుచుట సామాన్యమైన పని కాదు. ఆ పత్రమును ముఖ్యముగా రచించినవాడు స్విట్జర్లండు దేశీయుడైన కార్ల్ బార్త్. తోడి రచయితలైన లూథరన్ పండితు లిద్దరును భోజనానంతరము నిద్ర కుపక్రమింపగా, తాను మాత్రము చిక్కని కాఫీయు ఒకటి రెండు బ్రెజిలు చుట్టలును తోడుగా మేల్కొని ఆ పని ముగించితినని ఆయనయే తరువాతి కాలమున వినోదముగా చెప్పుకొనెను.

ఆ పత్రము పుట్టిన సందర్భము సుప్రసిద్ధమే. 1933 జనవరి 30వ తేదీన హిట్లరు ప్రధానామాత్య పదవి నధిష్ఠించినప్పుడు అనేకులైన సంఘకాపరులకు అందు దైవసంకల్పమే గోచరించెను. ‘జర్మన్ క్రైస్తవులు’ అను పేర నొక పక్షము, నాయకుని రాకయే నూతన దైవప్రకటన మన్నట్లు బోధించుచు, ఆ జూలై నెలలో జరిగిన సంఘపు ఎన్నికలలో ఘనవిజయము సాధించెను. సెప్టెంబరులో ప్రష్యా సంఘసభ, యూదవంశమున జన్మించిన బోధకులను తొలగించు నిబంధనను స్వీకరించెను. నవంబరు 13వ తేదీన బెర్లిను క్రీడాసౌధమున వేలాది జనుల యెదుట ఆ పక్షపు వక్త యొకడు పాతనిబంధన గ్రంథమునే సంఘమునుండి వెడలగొట్టవలెనని యుపన్యసించెను. మోషేయు దావీదును యెషయాయు పరాయివారైన సంఘమున నజరేతువా డొక్కడు మాత్ర మెట్లు మిగులును? అంతవరకును మిన్నకున్నవారు సైతము ఆనాడు ఉలికిపడిరి.

బార్మెన్ ప్రకటన ఆ యుపద్రవమునకు ప్రత్యుత్తరము. సంఘము వినవలసిన దైవవాక్కు క్రీస్తు ఒక్కడే యనియు, ఏ చారిత్రక సంఘటననుగాని, ఏ శక్తినిగాని ఆ వాక్కుకు సరిజోడుగా నిలుపరాదనియు మొదటి సూత్రము శాసించెను. న్యాయమును శాంతిని కాపాడుట రాజ్యమునకు దైవదత్తమైన విధియే యైనను, మనుష్యుని సమస్త జీవితమునకును తానే నియంత ననుకొను హక్కు దానికి లేదని అయిదవ సూత్రము పలికెను. ఏలికను నిలిపి రాజధర్మమును గుర్తుచేయుట ప్రవక్తల నాటి సంప్రదాయము. దావీదు ముందు నాతాను నిలిచెను. అహాబు ముందు ఏలీయా నిలిచెను. అయితే ఆ కథలను ఒక్కమారు నెమ్మదిగా స్మరింతము. నాతాను రాజసభకు పోయినది తన మందిరపు హక్కుల కొరకు కాదు. కుటిలముగా చంపబడిన ఊరియా కొరకు, హిత్తీయుడైన యొక పరదేశి కొరకు. ఏలీయా నోరు విప్పినది నాబోతు అను సామాన్యుని ద్రాక్షతోట కొరకు.

ఈ కొలతతో కొలిచినచో బార్మెన్ పత్రమున ఒక మాట కానరాదు. ఆ మాట ‘యూదుడు’. పత్రము వ్రాయబడునాటికి యూదుల అంగళ్ళను బహిష్కరించుట జరిగి సంవత్సరము దాటినది; 1933 ఏప్రిల్ 7వ తేదీ శాసనముచే వారు ప్రభుత్వోద్యోగముల నుండి వెళ్ళగొట్టబడుచుండిరి. అయినను ఆరు సూత్రములలో వారి ప్రసక్తియే లేదు. రాజ్యము సంఘపు గడప దాటి లోనికి రారాదని ప్రతినిధులు ధైర్యముగా పలికిరి. గడప వెలుపల వీథిలో దెబ్బలు తినుచున్నవానిని గూర్చి పలుకలేదు. ఆ పేరు చేర్చినచో ఐకమత్యము చెదరునన్న భయము వారికి లేకపోలేదు. మూడు మార్గములవారిని ఒక్కచోట నిలుపుటకు చెల్లించిన మూల్యము తమది కాదు, పొరుగువానిది.

ఆ పొరుగువానిని గూర్చి ముందే తలచినవా డొకడు లేకపోలేదు. 1933 ఏప్రిల్‌లో, ఇరువదియేడేండ్ల వయస్సున, డీట్రిష్ బోన్‌హాఫర్ ‘సంఘము–యూదుల సమస్య’ను గూర్చి వ్యాసము వ్రాసి, రాజ్యము ఎదుట సంఘమునకు మూడు విధులు గలవనెను: నీవు చేయునది న్యాయమేనా యని రాజ్యమును ప్రశ్నించుట యొకటి, రాజ్యచక్రము క్రింద నలిగినవారికి, వారు క్రైస్తవులైనను కాకున్నను, కట్టు కట్టుట రెండవది, అవసరమైనచో ఆ చక్రమునే అడ్డగించుట మూడవది. ఆ వ్యాసమున సైతము యూదులు శాపగ్రస్తులను ప్రాచీన వేదాంతపు ఛాయలు అక్కడక్కడ మిగిలియున్నవి. మహనీయుల దోషములను కప్పిపుచ్చుట మా యుద్దేశము కాదు. కాని ఆయనకు ఈ దృష్టి ఎక్కడిది? న్యూయార్కులో చదువుకొనునాడు హార్లెములోని నల్లజాతివారి దేవాలయమున బాలురకు ఆదివారపు పాఠములు చెప్పి, అణగద్రొక్కబడినవారి పక్కన కూర్చుండి సువార్తను వినినవాడు ఆయన. అహింసాప్రతిఘటనను స్వయముగా నేర్చుకొనగోరి 1934లో గాంధీమహాత్మునికి లేఖ వ్రాసి ఆహ్వానము పొందినవాడును ఆయనయే. యువబోధకులకు శిక్షణ నొసగు భారము పైబడుటచే ఆ ప్రయాణము సాగలేదు.

బార్మెన్ పత్రమున లేని మాట రెండేండ్లకు మరియొక పత్రమున వచ్చినది. 1936 జూన్‌లో, బార్మెన్ ప్రకటనకు కట్టుబడిన ‘ఒప్పుకోలు సంఘపు’ నాయకులు హిట్లరునకు రహస్యముగా నొక విజ్ఞాపన పంపి, యూదులను ద్వేషింపుమని రాజ్యము నిర్బంధించినచో పొరుగువానిని ప్రేమింపుమను ఆజ్ఞ అందులకు అడ్డు నిలుచునని స్పష్టముగా వ్రాసిరి. నిర్బంధ శిబిరములను సైతము ప్రస్తావించిరి. ఆ పత్రము విదేశపు వార్తాపత్రికల కెక్కినది. కొలది నెలలకు సంఘ కార్యాలయపు ముఖ్యోద్యోగి ఫ్రీడ్రిష్ వైస్లర్ అను న్యాయవాది నిర్బంధింపబడెను. ఆయన యూదకుటుంబమున పుట్టి బాల్యముననే బాప్తిస్మము పొందినవాడు. న్యాయాధిపతి పదవినుండి 1933లో తొలగింపబడినవాడు. ఏ సంఘము కొరకు ఆయన కలము పట్టెనో ఆ సంఘపు పెద్దలు ఆయనకు దూరముగా తొలగిరి. 1937 ఫిబ్రవరిలో జాక్సెన్‌హౌజెన్ శిబిరమున, చేరిన వారము దినములలోపుననే, ఆయన కొట్టి చంపబడెను. పత్రము ధైర్యము చేసినది, పత్రకర్తలు పిరికిపడిరి.

1938 నవంబరు 9వ తేదీ రాత్రి దేశమంతటను యూదుల ప్రార్థనామందిరములు తగులబడినవి. ఒప్పుకోలు సంఘము సంఘముగా నోరు మెదపలేదు. బోన్‌హాఫర్ తన బైబిలు గ్రంథమున, దేవమందిరముల దహనమును గూర్చి విలపించు 74వ కీర్తన ప్రక్కన, ఆ తేదీని వ్రాసికొనెను. ఓబర్‌లెన్నింగెన్ అను గ్రామపు కాపరి యూలియుస్ ఫాన్ యాన్ మాత్రము నవంబరు 16వ తేదీ ప్రాయశ్చిత్త దినారాధనయందు, యిర్మీయా గ్రంథమును చేతబట్టి, జరిగినది పాపమని ప్రసంగించెను. కొలది దినములకే అల్లరిమూక ఆయనను చావగొట్టినది. రాజ్యము కొట్టినవారిని విడిచి ఆయననే చెరసాలకు పంపినది. మహాసభ తన ప్రకటనలో చేర్పలేని మాటను ఒక పల్లెటూరి పాదిరి పలికెను. బోన్‌హాఫర్ తానెన్నిన మూడవ విధిని నెరవేర్పబోయి, 1943లో చెరబట్టబడి, 1945 ఏప్రిల్ 9వ తేదీన ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరమున ఉరికంబ మెక్కెను.

యుద్ధానంతరము, 1945 అక్టోబరున, స్టట్‌గార్టులో సంఘనాయకులు తమ అపరాధమును ఒప్పుకొనుచు మరియొక ప్రకటన చేసిరి. తగినంత ధైర్యముగా సాక్ష్యమియ్యలేదని పశ్చాత్తాపపడిరి. అందును ‘యూదుడు’ అను మాట లేదు. ఆ లోపమును నేరుగా ఒప్పుకొనినవాడు వృద్ధుడైన బార్త్. 1967లో బోన్‌హాఫర్ జీవితచరిత్రకారునికి వ్రాసిన లేఖలో, ఆ విషయమును చేర్చిన పత్రమును 1934నాటి సభ అంగీకరించియుండదని చెప్పుచునే, అంతమాత్రమున దానికై పోరాడకపోవుట క్షమార్హము కాదని ఆయన వ్రాసెను. 1982లో దక్షిణాఫ్రికాలోని వర్ణజనుల సంఘము బార్మెన్ ప్రకటనను మార్గదర్శిగా గైకొని బెల్హార్ ప్రకటనను రచించినప్పుడు, దైవము దరిద్రుల పక్షమున, అన్యాయమునకు గురియైనవారి పక్షమున నిలుచునని తేటగా వ్రాసినది. ఆ పత్రమును రచించినవారు గడప వెలుపలి బాధను స్వయముగా ననుభవించినవారే.

తన దేవాలయపు తాళముచెవి తనకే దక్కవలెనని రాజ్యముతో పోరాడుట న్యాయమే. కాని అది స్వజనరక్షణ. ప్రవక్తృవాణి అనిపించుకొనదగినది, తనకు ఓటు లేనిచోట, తనకు లాభము లేనిచోట, తనవాడు కానివాని కొరకు ఏలికతో పలికిన మాట. అభ్యుదయ విశ్వాసమను పేరు దానికే చెల్లును. ఈ నియమము క్రైస్తవులకు మాత్రమే పరిమితము కాదు. తీర్మానములు చేయుట మన దేశమున మఠములకు, సంఘములకు, రచయితల పరిషత్తులకు నిత్యకృత్యము. పాము చావక కర్ర విరుగక వాక్యములు కూర్చుట మన కార్యదర్శులకు వెన్నతో పెట్టిన విద్య. పాఠకులకు మా విన్నప మొక్కటే: అట్టి తీర్మాన మేదైన మీ చేతికి సంతకమునకు వచ్చినపుడు, అందున్న వాక్యముల సొంపును మెచ్చుకొనుటకు ముందు, చిత్తుప్రతిలో కొట్టివేయబడిన పేరు ఎవరిదో అడుగుడు, ఆ పేరు మరల వ్రాసిన పిమ్మటనే సంతకము చేయుడు.